పీట మీది బరువు

నేను ఒక పనసచెక్క పీటను. అంబాజీపేటలో ఒక ఇంటి ద్వారబంధాలకు తెచ్చిన చెక్క మిగిలితే, పారెయ్యడానికి మనసొప్పక వడ్రంగి నన్ను చేశాడు. నాకు కళ్ళు లేవు. బరువు తెలుసు. పెళ్ళికూతురి బరువు, అన్నప్రాశన నాటి పసివాడి బరువు, తద్దినానికి వచ్చిన భోక్త బరువు, ఏదీ ఇంకొకదానిలా ఉండదు. దేవుడి బరువు మరీ వేరు. ఉండేది చిటికెడు పసుపు ముద్దే. ‘ఆవాహయామి’ అనగానే మాత్రం నిండు మనిషి వచ్చి కూర్చున్నట్టుంటుంది.

ఆ ఇంటి పెద్దావిడ మహాలక్ష్మమ్మగారికి నా విషయంలో గట్టి పట్టింపులుండేవి. కూర్చోబెట్టినవాళ్ళే లేపాలి. పని కాగానే పీటను గోడకు ఆనించాలి, వాల్చి వదిలేస్తే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. ఎవరొస్తారని మనవరాలు హిమజ చిన్నప్పుడు అడిగితే, “ఎవరైతేనేం, ఆకలేసినోళ్ళు” అని ఊరుకుందావిడ.

హిమజ పై చదువుకు స్కాట్లండ్ వెళ్ళినప్పుడు నన్ను ఓడ సామాన్లలో వేసి ఆమె వెనకే పంపారు. ఏడాది చదువయ్యాక సెలవుల్లో ఆమెకు వేరే ఊళ్ళో పని దొరికింది. సామానంతా గోదాములో దాచి వెళ్ళాలి. బయలుదేరే రోజు నా మీద పసుపు వినాయకుణ్ణి నిలిపి పూజ మొదలుపెట్టింది. నైవేద్యం ఇంకా పెట్టలేదు, వ్యాను ముందే వచ్చి కింద హారన్ కొట్టింది. ఆ కంగారులో పసుపు ముద్దను స్టీలు డబ్బాలో వేసి, డబ్బాను నా మీదే పెట్టి, పాత చీరతో చుట్టి అట్టపెట్టెలోకి దించేసింది. మనుషులకు ప్రయాణపు తొందర పుడితే దేవుడు కూడా సామానే.

గోదాము ఇనుప తలుపు పడింది. ఆయన లేవలేదు. రోజులు గడిచేకొద్దీ బరువెక్కాడు. కోపం కాదది. విస్తరి ముందు కూర్చుని వడ్డన కోసం చూసేవాడి బరువు.

నా పక్కన ఏ దేశపు విద్యార్థిదో ఒక పాత సూట్‌కేసు ఉండేది. ఊడ్చే మనిషి ఒకసారి దాన్ని తట్టి, నీకోసం ఇంక ఎవరూ రారులే అని నవ్వి వెళ్ళాడు. దాంట్లోంచి తడిసిన ఉన్ని వాసన వచ్చేది. అప్పుడప్పుడు అటువైపు నుంచి నా అట్టపెట్టెను మెల్లగా గీరుతున్నట్టుండేది. అది ఎలుకలు తిరిగే చోటు కాదు.

సెలవులయ్యాక నన్ను హిమజ కొత్త గదికి చేర్చడానికి ఇద్దరు మనుషులు రొప్పారు. ఆమె కట్టు విప్పి నా అంచు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి బరువే లేదు. ఎండుటాకు వాలినట్టుంది.

ఫోనులో అమ్మమ్మకు చెప్పింది. “ముద్ద నోటిదాకా తెస్తే ఎదురుగా ఎవరో తినకుండా కూర్చున్నట్టుంటోంది అమ్మమ్మా. ఈ సెలవులంతా ఇంతే. డాక్టరేమో ఏ జబ్బూ లేదన్నాడు. ఇప్పుడు డబ్బా తీస్తే ఆ రోజు పూజ పసుపు ఇంకా తడిగానే ఉంది.”

అవతలి నుంచి అమ్మమ్మ అడిగింది.

“వినాయకుడికి వెళ్ళిరమ్మని చెప్పేవా?”

“ఎక్కడ అమ్మమ్మా, వ్యాను వచ్చేసింది.”

“పిలిచినదానివి నువ్వు లేపకుండా ఆయనెలా లేస్తాడే పిచ్చిదానా? ముందు ఓ బెల్లం ముక్క పెట్టు.”

హిమజ బెల్లం పెట్టింది. దణ్ణం పెట్టి, ‘యథాస్థానం ప్రవేశయామి’ అంటూ డబ్బాను కొంచెం కదిపింది. పక్కలో నిద్రపోయే పిల్ల కదలకుండా తల్లి లేచినట్టు, ఆయన లేచాడు. తన స్థానానికే వెళ్ళి ఉంటాడు. ఆ చీకట్లో ఇన్నాళ్ళూ నన్ను విడవనివాడికి వేరే స్థానం ఎక్కడుందో నాకు తెలియదు.

హిమజ బెల్లం నోట్లో వేసుకుంది. మింగింది. ఏడ్చింది. ఆకలేస్తోందని అమ్మమ్మతో చెబుతూనే వంటగదిలోకి పరుగెత్తింది. ఆ సంబరంలో నన్ను గోడకు ఆనించడం మరిచిపోయింది.

కుక్కరు కూత వేసే వేళకు నా మీద ఎవరో కూర్చున్నారు. చాలా తేలికైన బరువు. చలికి వణుకుతోంది. తడిసిన ఉన్ని వాసన.

పిలిచి వచ్చినవారిని పంపడానికి మంత్రముంది. పిలవకుండా వచ్చినవారికి ఏముందో నేనెప్పుడూ వినలేదు.

హిమజ అడుగులు అన్నం వాసనతో గుమ్మందాకా వచ్చి ఆగాయి. చాలాసేపు కదలలేదు. తరవాత వెనక్కి వెళ్ళాయి. ఇక వచ్చి నన్ను ఎత్తేస్తుందనుకున్నాను.

వంటగదిలో ఇంకో కంచం తీసిన చప్పుడైంది.