సెడ్యులస్ మనిషి

ఆ పూట టిక్కు కాళ్లు నేలమీద ఆనితే ఒట్టు. ఎనిమిదేళ్లుగా గడియారాల దుకాణంలో రిపేరు పని చేస్తున్న ఆమెకు టిక్కు అనేది అందరూ కలిసి పెట్టిన పేరు. ఊరి గడియార స్తంభాన్ని చూసుకునే ఉద్యోగం ఖాళీ అయింది. చిన్నప్పటినుంచీ ఆమె కలలుగన్న ఉద్యోగం! దుకాణం మాస్టారు ఇంగ్లీషులో సిఫారసు ఉత్తరం రాసిచ్చాడు. మూడింటిలోపు మునిసిపల్ ఆఫీసులో ఇచ్చేస్తే సరి.

ఉత్తరంలో ఒక్క మాట మాత్రం ఆమెకు కొరుకుడు పడలేదు. సెడ్యులస్ అట! పొగడ్తో, తిట్టో! లైబ్రరీలో పనిచేసే బావ దగ్గరికి పరుగెత్తింది.

"ఏంటే మరదలా, ఎవరైనా తరుముతున్నారా?"

"ముందిది చూడు బావా! మంచి మాటేనా?"

బావ లావుపాటి డిక్షనరీ తీశాడు. "అబ్బో! విసుగూ విరామం లేకుండా, శ్రద్ధగా పాటుపడే మనిషి అని. మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరూ వాడరులే. ఇల్లు ఊడ్చే మీ అక్కను పట్టుకుని సెడ్యులస్ అన్నాననుకో, చీపురు తిరగేస్తుంది. ఇలాంటి ఉత్తరాల్లో, సన్మాన పత్రాల్లో రాస్తారు."

టిక్కు ఎగిరి గంతేసింది. పేపరు చదువుకుంటున్న పెద్దాయన ఉలిక్కిపడి కళ్లజోడు జార్చుకున్నాడు.

"సెడ్యులస్! నేను! నిన్న అక్క నన్ను బద్ధకిస్టు అంది కదా, వెళ్లి చెప్పు బావా!"

"ఆగవే, దీని పుట్టుక కూడా ఉంది. లాటిన్ మాటట. మొదట్లో 'మోసం లేకుండా' అని అర్థం. మోసం లేకుండా చేస్తే శ్రద్ధగా చేసినట్టే కదా, అలా వచ్చిందట."

టిక్కు గంతులు ఠక్కున ఆగాయి.

సంగతేమిటంటే, దుకాణం గోడకు ఓ పాత గడియారం ఉంది. మూడు నెలల కిందట మాస్టారు దాన్ని బాగుచేయమన్నాడు. ఎన్ని తంటాలు పడ్డా అది రోజుకో గంట వెనకబడుతూనే ఉంది. పరువు పోతుందని, "అయిపోయింది మాస్టారూ" అనేసింది. అప్పటినుంచీ అందరికంటే ముందొచ్చి ఒకసారి, ఆయన టీకి వెళ్లినప్పుడల్లా ఒకసారి, భోజనానికి వెళ్లినప్పుడు ఒకసారి, స్టూలెక్కి ముళ్లు సర్దుతోంది. శ్రద్ధకేం, బోలెడంత! మోసమూ అంతే. మరి గడియార స్తంభానికి ఏ స్టూలు వేస్తుందమ్మా? ఊరు ఊరంతా ఆ ముళ్లను నమ్ముకునే బస్సులకు పరుగెత్తుతుంది.

ఆమె వెనక్కి తిరిగి ఒకటే పరుగు.

"మాస్టారూ, నేను సెడ్యులస్ కాను!" గుమ్మంలోంచే అరిచింది. "ఆ గడియారం బాగవలేదు. రోజూ నేనే ముళ్లు తిప్పుతున్నాను!"

మాస్టారు కంటికున్న భూతద్దం తీశాడు. గడియారాన్ని చూశాడు, ఆమెను చూశాడు.

"రోజుకెన్నిసార్లు?"

"నాలుగు. మీరు రెండో టీ తాగకపోతే మూడు."

"ఓసి నీ దుంప తెగ!" ఆయన మొహం కందగడ్డయింది. ఇక అయిపోయిందనుకుంది టిక్కు. అంతలో ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "పదేళ్లు కుస్తీ పట్టినా నాకే లొంగలేదే అది! నువ్వు చేసేశావని ఎంత కుళ్లుకున్నానో! మూడు నెలలుగా అన్నం సహించడం లేదు తల్లీ!"

టిక్కుకూ నవ్వొచ్చింది. వెంటనే భయమూ వేసింది.

"ఆ ఉత్తరం ఇటివ్వు."

"చింపేయండి మాస్టారూ." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన చింపలేదు. రాసిన మాట కొట్టేయనూ లేదు. సంతకం కింద తన వంకర అక్షరాలతో ఇంకో వాక్యం చేర్చి, ఆమెకు వినబడేలా తెలుగులో చదివాడు.

"ఏ గడియారమైనా తనవల్ల బాగవకపోతే, ఉద్యోగం పోతుందని తెలిసినా సరే, ఈ అమ్మాయి వచ్చి బాగవలేదని చెబుతుంది."

టిక్కు ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇంకా నిలబడ్డావేం? పో, వాళ్లు తలుపులేసుకుంటారు!"

ఏడుస్తూ, నవ్వుతూ, చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె వీధిలోకి పరుగెత్తింది.