మెట్లెక్కే నరం

పొద్దున్నే పనులన్నీ తెముల్చుకుని ఆమె కుట్టుమిషను ముందు కూర్చునేసరికి, మంచం మీద భర్త ఛాతీలో అడుగులు మొదలయ్యేవి. టకటకా పన్నెండు మెట్లు, కాస్త ఆగడం, మళ్ళీ పన్నెండు. ఆయన మాత్రం కదలకుండా పేపరు చదువుకుంటూ ఉండేవాడు.

ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసిన మనిషి. అన్ని మెట్లెక్కిన ఎడమకాల్లోంచే నరం తీసి గుండెకి బైపాస్ చేశారు. అలవాటు పడ్డ నరం ఊరుకుంటుందా? వేళకి డ్యూటీ ఎక్కేది. కింది వాటా పెద్దావిడ ఒకసారి పైకొచ్చి, భోజనాలయ్యాక కాస్త మెల్లగా నడవమని ఆయన ఛాతీకేసి చూసి చెప్పి వెళ్ళింది.

ఆ నరం సంగతి తెలుసుకోవాలని ఆమెకి ఒకటే ఆరాటం. వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టారని విని, అంత సన్నంగా కుట్టు ఎలా పడిందని డాక్టరునే అడిగింది. కుట్టడం వరకే తన పని అన్నాడు డాక్టరు. నరంలో నెత్తురు గడ్డకట్టకుండా చూసేది మాత్రలేనట, ఒక్క పూట కూడా మానకూడదట.

ఆపరేషనైన మూడో నెలలో లెక్క తప్పింది. పన్నెండు మెట్లు తొమ్మిదయ్యాయి, మర్నాడు ఆరు. ఆయాసంగా ఉందా అని అడిగితే ఆయన బీపీ మిషను చూపించాడు, షుగరు చీటీ చూపించాడు. అన్నీ దివ్యంగా ఉన్నాయి. ఆమె కుట్టుమిషను తొక్కుతూ చెవి అటే పడేసింది.

ఆ పైరోజు నాలుగో మెట్టు మీద పాదం ఈడ్చిన చప్పుడయింది. తర్వాత అదీ లేదు.

"ఏమండీ, మాత్ర వేసుకుంటున్నారా?"

ఆయన పేపరు తిప్పాడు.

"మిమ్మల్నే."

"గడ్డం గీసుకుంటుంటే గాటు పడి, ఎంతకీ నెత్తురు ఆగలేదే. రీడింగులన్నీ బాగానే ఉన్నాయి కదా అని మానేశా. పది రోజులైంది."

మీటరు సరిగ్గా తిరుగుతుంటే పైపు బాగున్నట్టేనని ఆయన లెక్క. ఆమె సూది కింద జాకెట్టు చెయ్యి అలాగే వదిలేసి ఆటో పిలిచింది.

డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"నరం నాలుగో మెట్టు మీద కూలబడింది. గడ్డ కట్టడం మొదలైందమ్మా. సాయంత్రం దాకా ఆగుంటే ఇక లేచేది కాదు."

మణికట్టు దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డ తీస్తామని చెప్పి లోపలికి తీసుకెళ్ళారు. ఆమె బయట కుర్చీలో కూర్చుంది.

చాలాసేపటికి తలుపు అవతల అడుగు పడింది. ఒకటి. తడబడుతూ రెండు. పక్క కుర్చీలో మనిషి ఏదో అడగబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది. మూడు. నాలుగు.

ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె కుర్చీలోంచి లేచింది.

ఐదు.