ఇంటి ముందర ఇంజన్ చప్పుడు

గడ్డి లోడుతో వెళ్తున్న ట్రాక్టర్ మా అంబాసిడర్‌ను దాటిపోయిన రోజు, ప్రవీణ్ ఇక ఊరుకోలేకపోయాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. ట్రాక్టర్ మనల్ని దాటేసి పోయింది. లోడుతోని!"

"గడ్డి తేలికనే ఉంటదిరా," అన్నాడు వెనక సీట్లోంచి బాల్‌రాజ్. "మనం నలుగురం. అండ్ల నేనొక్కన్నే ఇద్దరి లెక్క."

సమత నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

ఆ ముగ్గురూ చేవెళ్ళ నుంచి ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు. హైటెక్ సిటీలో రోజుకో కొత్త అద్దాల మేడ లేస్తున్న కాలం అది. సమత, ప్రవీణ్ కంప్యూటర్ల ముందు కూర్చునే పని చేస్తారు. బాల్‌రాజ్ అదే ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. కంపెనీ బస్సు మొయినాబాద్ దాకానే వస్తుంది, ఎవరి కోసమూ ఆగదు.

నేను చేవెళ్ళ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉండేది ఆలూరులో. నా భార్య అరుణశ్రీ పోయాక ఇంట్లో గోడగడియారం తప్ప చప్పుడు చేసేది ఏదీ లేదు. ఒక పొద్దున చేవెళ్ళ బస్టాండులో నా పాత విద్యార్థిని సమత బస్సు తప్పిపోయి ఏడుపు మొహంతో నిలబడి ఉంటే మొయినాబాద్‌లో దింపి వచ్చాను. మర్నాడు ఆమెతో పాటు బాల్‌రాజ్ నిలబడి ఉన్నాడు, కొన్నాళ్ళకు ప్రవీణ్. డీజిల్ వాళ్ళు పోయించేవారు. సాయంత్రం బస్సు దిగే వేళకు మొయినాబాద్ టీకొట్టు ముందు ఉండి, మళ్ళీ తీసుకొచ్చేవాణ్ని. వెనక సీట్లో వాళ్ళ పేచీలు వింటూ నడపడమే నాకు రోజంతటికీ మిగిలిన మనుషుల సందడి.

"ఆంజనేయులన్న భూమి అమ్మి సుమో కొన్నడు, కిరాయికి తిప్పుతున్నడు సార్," అన్నాడు ప్రవీణ్ ఆ రోజు బస్సు కోసం పరుగెత్తే ముందు. "మాకు ఇంకోసారి బస్సు తప్పితే లోపటికి రానియ్యమన్నరు. ఈ నెల చూస్తం. లేకుంటే ముగ్గురం సుమోల పోతం."

సమత ఏమైనా అంటుందేమోనని చూశాను. ఆమె బ్యాగు సర్దుకుంటోంది.

*

మొయినాబాద్ టీకొట్టుకు కాస్త అవతల, రోడ్డు పక్కనే మెకానిక్ ధనరాజ్ షెడ్డు ఉంది. మాటకారి. తన పని గురించి తానే మెచ్చుకుంటాడు, మధ్యమధ్య నిజంగానే బాగా చేస్తాడు.

"కొత్తది కొనుండ్రి సార్. ఈ ఇంజన్‌కు ఇగ దమ్ము లేదు."

"ఈ బండే ఉండాలె ధనరాజ్."

ముందు సీటు మీద అరుణశ్రీ కుట్టిన పూల గలేబు ఇంకా ఉంది. ధనరాజ్ దాని వైపోసారి చూసి, షెడ్డు వెనక్కి వెళ్ళి, గుండ్రటి ఇనుప ముక్కొకటి తెచ్చాడు. చూడటానికి పెద్ద నత్తగుల్లలా ఉంది.

"టర్బో. రోడ్డు మీద బోల్తా పడ్డ బండిది. మీ ఇంజన్ ఇడిసే పొగ ఈ చక్రాన్ని తిప్పుతది. ఇది తిరుగుతే అటుదిక్కు చక్రం గాలిని గుంజి లోపలికి ఊదుతది. గాలి ఎక్కువ, డీజిల్ జర ఎక్కువ, ఉరుకుడు ఎక్కువ."

విడిచిన ఊపిరితోనే కొత్త ఊపిరి తోడుకోవడం. ముప్పయ్యేళ్ళు పిల్లలకు ఊపిరితిత్తుల బొమ్మ గీసినవాణ్ని, ఇలాంటి జంతువు ఏ పాఠంలోనూ కనబడలేదు.

"ముసలి ఇంజన్ కద, తట్టుకుంటదా?"

"మెల్లగ ఊదుదాం. గట్టిగ ఊదితే గుండె పగుల్తది."

పొగగొట్టం కోసి అతికించాడు. ఇంజన్ నుంచి టర్బోకు ఆయిల్ వెళ్ళేందుకు సన్నటి గొట్టం, తిరిగి వచ్చేందుకు లావు గొట్టం వేశాడు. మొదటిసారి స్టార్టు చేసినప్పుడు డీజిల్ మరీ ఎక్కువ వదిలినట్టున్నాడు, నల్లటి పొగ టీకొట్టు దాకా పాకింది. "నీ టర్బో పాడుగాను, పాలన్ని మసి చేస్తివి!" అని టీకొట్టాయన గరిటె పట్టుకుని వచ్చాడు. ధనరాజ్ నింపాదిగా ఒక స్క్రూ బిగించి, "టెస్టింగ్," అన్నాడు.

తర్వాత బండి కదిలిస్తే, బానెట్ కింద సన్నటి ఈల మొదలైంది. కాలు నొక్కితే వీపు సీటుకు ఆనుకుంది. ఈ బండిలో ఎప్పుడూ ఎరగని సంగతి.

"ఒక్క మాట సార్," కిటికీలో తల పెట్టి అన్నాడు ధనరాజ్. "ఉరికొచ్చినంక బండిని ఎంబడే బందు చెయ్యొద్దు. జర సేపు నిలవెట్టి స్లోల తిరగనియ్యుండ్రి. గా చక్రం నిప్పు లెక్క ఉంటది. ఇంజన్ బందైతే దానికి ఆయిల్ రాదు. లోపలున్నది మాడిపోతది, బేరింగ్ పోతది."

"అర్థమైంది," అన్నాను.

మర్నాడు మేం ట్రాక్టర్‌ను దాటాం. బాల్‌రాజ్ కిటికీలోంచి సగం బయటికి వచ్చి, "గడ్డి కింద వడ్తది, సూసుకో!" అని అరిచాడు. ప్రవీణ్ సీటు మీద దరువేశాడు. బస్సు వచ్చేసరికి మేం టీ తాగి ఉన్నాం. సుమో మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

*

ధనరాజ్ చెప్పింది అంతటా పాటించాను, ఒక్క చోట తప్ప.

అరుణశ్రీ చేవెళ్ళ సర్కారు దవాఖానాలో నర్సు. రాత్రి డ్యూటీలే ఎక్కువ. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చే వేళకు ఆమె నిద్రలో ఉండేది. ఆలూరులో పెద్దరోడ్డు దిగగానే పిండి గిర్ని, అక్కణ్నుంచి మా గేటు దాకా సందు పల్లంగా ఉంటుంది. గిర్ని మలుపులోనే ఇంజన్ ఆపే పుల్ల లాగేసేవాణ్ని. బండి చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చి గేటు ముందు నిలిచేది. కాసేపయ్యాక ఆమె తనంతట తాను లేచి, "ఎప్పుడొచ్చినవ్? తెల్వనే తెల్వదు," అనేది. ఆ మాట కోసమే ఆ ఏర్పాటంతా.

ఆమె పోయి మూడేళ్ళయినా మలుపు రాగానే చెయ్యి పుల్ల మీదికి వెళ్ళేది. టర్బో పెట్టాక కూడా. పైగా చేవెళ్ళలో ముగ్గురినీ దింపాక, ఖాళీ బండిలో ఆ ఈల ఒక్కటే తోడు. అది వినడానికి ఆలూరు దాకా గట్టిగా తొక్కేవాణ్ని. అంత వేడి మీదున్న దాన్ని మలుపులో టక్కున ఆపేవాణ్ని. తప్పని తెలుసు. చేతికి చెప్పలేకపోయాను.

ఒక పొద్దున ఎంకపల్లి దగ్గర ఈల కీచుమంది. అద్దంలో చూస్తే వెనకంతా నీలి పొగ. బండి పక్కకు తీశాను.

"అయిపాయె," అన్నాడు ప్రవీణ్ వాచీ చూసుకుంటూ.

వెనకే ఆంజనేయులు సుమో వచ్చి ఆగింది. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి," అన్నాడు ఆంజనేయులు. "సార్, ముసలి ఎద్దుకు గంట కట్టినట్టు చేసినవు గద!" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముగ్గురూ ఎక్కారు. సమత మళ్ళీ దిగి వచ్చి తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

"ఎండల నిలవడ్తరు," అని పరుగున వెళ్ళిపోయింది.

*

ధనరాజ్ టర్బో విప్పి చూపించాడు. లోపలి ఇరుసుకు మాడిన ఆయిల్ బొగ్గులా అంటుకుని ఉంది.

"నేను చెప్పింది చేసిన్రా?"

"అంతట చేసిన."

"అంతట అంటే?"

"ఇంటికాడ తప్ప."

గిర్ని మలుపు సంగతి చెప్పాను. చెప్తుంటే నాకే వింతగా ఉంది. ధనరాజ్ నవ్వుతాడనుకున్నాను. అతను గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ ఎడమ అరచెయ్యి నా వైపు తిప్పాడు. బొటనవేలి కింద పాత కుట్ల గుర్తు.

"దవాఖానల అక్క ఏసిన కుట్లే ఇవి. ఏడ్వకు, ఇంజన్ ఇప్పేటోనివి, అని తిట్టింది." గుడ్డ భుజాన వేసుకున్నాడు. "ఇంకొకటి దొరుకుతది సార్, వెడ్త. గని అది గూడ మాడిందనుకో, మూడోది నేను వెట్ట. వాళ్లను సుమోలనే పోనియ్యుండ్రి."

రెండోది బిగించిన సాయంత్రం టీకొట్టు ముందు నిలబడ్డాను. బస్సు దిగిన ప్రవీణ్ నన్ను చూసి చెయ్యి ఊపి, సుమో వైపే నడిచాడు. బాల్‌రాజ్ అటూ ఇటూ చూసి, అతని వెనకే వెళ్ళాడు. సమత ఆగింది.

"బాగైందా సార్?"

"అయింది."

"రేపు పొద్దుగాల వస్తరా? నిజంగ చెప్పుండ్రి. నడుమ ఆగితే నా నౌకరి పోతది."

"ఆగదు. వస్త."

"అయితే రేపు నేను మీ బండికాడనే నిలవడ్త. ఇయ్యాల్టికి సుమోకు పైసలిచ్చిన," అని ఆమె కూడా సుమో ఎక్కింది. అప్పటికే దాని హారన్ మోగుతోంది.

ఖాళీ బండి, ఈల, నేను. పొద్దు గుంకుతుండగా ఆలూరులో రోడ్డు దిగాను. గిర్ని మలుపు వచ్చింది. చెయ్యి లేచింది. రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాను.

ఇంజన్ చప్పుడు మా సందులో అంత పెద్దగా ఉంటుందని నాకు తెలియదు. గోడలన్నీ దాన్ని తిరిగి పంపుతున్నాయి. గేటు ముందు ఆపి, స్లోలో వదిలి, మా పడకగది కిటికీ వైపు చూశాను. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆమె నిద్ర చెడుతుందని కాదు. ఇంత చప్పుడుకు కూడా లోపల ఎవరూ లేవకపోతే, ఆ సంగతి నాకు తెలిసిపోతుందని.

ఎవరూ లేవలేదు. కర్టెన్ కదల్లేదు. ఇంజన్ తన మానాన తను తిరుగుతోంది. నేను కూర్చునే ఉన్నాను.

పక్కింటి తలుపు తెరుచుకుంది. "ఎవల్ది బండి?" అంటూ కృష్ణమ్మ గోడ మీద నుంచి తొంగిచూసింది. నాకంటే పెద్దది, చెవి కాస్త మందం.

"నేనే అక్కా."

"నువ్వా సారూ! ఎప్పుడు దొంగ లెక్కనే వస్తివి. మూడేండ్ల సంది వచ్చినవో, రాలేదో, తిన్నవో, పన్నవో, ఏం తెల్వకపాయె. లైటు ఎలిగితే హమ్మయ్య అనుకుంటుంటి." పక్షవాతం పడ్డవాళ్ళనైనా కదిలించే గొంతు ఆమెది. "మరి బందు చెయ్యవేంది? డీజిల్ దండుగ!"

"జర సేపు తిరగాలె అక్కా. లోపట సల్లవడాలె."

"అట్లనా? అయితే సల్లవడనియ్యి. అందాక రెండు జొన్నరొట్టెలు ఏస్త, పొయ్యి ఇంక ఆరలె."

ధనరాజ్ చెప్పిన సమయం ఎప్పుడో దాటిపోయింది. గోడ అవతల రొట్టె తట్టే చప్పుడు వస్తున్నంతసేపూ పుల్ల లాగలేదు.

మర్నాడు పొద్దున చేవెళ్ళ బస్టాండులో సమత ఉంది, పక్కన తలగోక్కుంటూ బాల్‌రాజ్. "సుమోల నాకు సీటు సరిపోతలేదు సార్," అన్నాడు. ప్రవీణ్ రాలేదు. దారిలో సుమో మమ్మల్ని దాటింది, అందులోంచి ప్రవీణ్ నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మొయినాబాద్ చేరేసరికి కంపెనీ బస్సు ఇంకా రాలేదు. బాల్‌రాజ్ టీకి దిగాడు. ఇంజన్ స్లోలో తిరుగుతోంది. సమత ఒళ్ళో బ్యాగు పెట్టుకుని అలాగే కూర్చుంది.

"దిగవా?" అన్నాను.

"సల్లవడనియ్యుండ్రి సార్," అంది.