దంతకథకు మూలాలు

"మూలాలు బలంగా లేవండీ డాక్టరుగారూ! ఇలాగే ఉంటే ఏడు రోజుల్లో తీసేస్తారు. నా పరిస్థితి కాస్త ఆలోచించండి. కుదురుగా కూర్చోలేకపోతున్నాను!"

బాల్కనీలో నిలబడి ఫోన్లో ఈ మాటలన్నది నేను. పక్కనే బట్టలు ఆరేస్తూ విన్నది మా అత్తగారు. ఆవిడ కుడిచెవి ఎప్పుడో రిటైరైంది, ఎడమచెవి పార్ట్‌టైం పనిచేస్తోంది. ఆ పార్ట్‌టైం చెవిలోకి వెళ్లిన మూలాలు లోపల మొలలైపోయాయి. అందరికీ వచ్చేచోట కాకుండా నాకు మాత్రం అత్తగారి చెవిలో మొలలొచ్చాయి.

సాయంత్రానికల్లా మందులషాపు నడిపే మా బావమరిది, నడుమ చిల్లున్న దిండొకటి చంకన పెట్టుకుని దిగాడు.

"సిగ్గుపడకు బావా, దీనిమీద కూర్చో. ఆపరేషనంటగా?"

"ఎవరన్నారు?"

"అమ్మ చెవులారా వింది."

"చిక్కంతా ఆ చెవులతోనేరా," అన్నాను.

"మరి డాక్టరుతో అంతసేపు ఏం మాట్లాడారు?" అంది మా ఆవిడ సూటిగా.

దానికి నిజం చెప్పాలంటే మొత్తం నిజం చెప్పాలి. నేను దిండుమీద కూర్చున్నాను.

మొత్తం నిజం ఇదీ. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు మూతపడి ఎనిమిది నెలలైంది. ఇంట్లో చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి క్యారేజీ పట్టుకుని బయలుదేరి గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞానసర్వస్వం ఒకటుంది. అందులో పదమూడేళ్లుగా 'అచ్చుతప్పు' అనే మారుపేరుతో పైసా పుచ్చుకోకుండా రాశాను. వంతెనలు, పురుగులు, పాతకాలపు తాళాలు, ఇలా పధ్నాలుగు వందల వ్యాసాలు. మా ఆవిడ వాటిని వ్యాసాలనదు, వ్యసనం అంటుంది. ఉద్యోగం ఊడాక ఆ వ్యసనమే వ్యవసాయమైంది. తమ గురించి అక్కడొక పేజీ ఉండాలని మోజుపడే పెద్దమనుషులకు డబ్బు తీసుకుని రాసిపెడుతున్నాను. ప్రతినెలా ఇంట్లో ఇచ్చే 'జీతం' అదే.

డబ్బుకు రాయడం అక్కడ నేరం కాదు. కాకపోతే ఫలానావారి దగ్గర తీసుకున్నానని మన పరిచయం పేజీలో అందరికీ కనబడేలా ప్రకటించాలి. నా పరిచయం పేజీని మా బావమరిది దగ్గుమందు కొనడానికొచ్చినవాళ్లకు కూడా చూపించి మురిసిపోతాడు. ఇంక ఏ మొహంతో ప్రకటించను? ప్రకటిస్తే ఇంట్లో తెలుస్తుంది. ప్రకటించకుండా దొరికితే ఖాతా పోతుంది. ఖాతా పోతే పొయ్యి ఆరిపోతుంది.

తొమ్మిది పేజీలు గుట్టుగా గడిచాయి. పదోది పళ్లడాక్టరుది. ఫోన్లో నేను బతిమాలుకున్నది ఈయన్నే.

లక్ష పళ్లు పీకానని రాయమన్నాడాయన. ఎవరు లెక్కపెట్టారండీ అంటే, "పీకించుకున్నవాళ్లు లెక్కపెట్టుకోరా?" అన్నాడు. అక్కడ రాసే ప్రతి ముక్కకూ అచ్చయిన ఆధారం చూపించాలి. దాన్నే మేం మూలం అంటాం. నేను మూలం లేకుండానే లక్ష పళ్లూ రాసేశాను. అయిదు రోజులకు ఒక చిన్న పత్రికలో ఆయన మీద వార్త వచ్చింది. అందులో లక్ష పళ్లూ తళతళలాడుతూ కనిపించాయి! ప్రాణం లేచొచ్చినట్టయి దాన్నే మూలంగా అతికించాను. ఆ విలేకరి నా పేజీ చూసే ఆ ముక్క రాశాడని నా బుర్రకు తట్టలేదు. పదమూడేళ్లుగా ఇతరుల వ్యాసాల్లో సరిగ్గా ఈ తప్పునే పట్టుకుని దులిపేసినవాణ్ణి!

నన్ను పట్టుకున్నవాడు అక్కడి నిర్వాహకుల్లో ఒకడు, మారుపేరు 'ఎర్రసిరా'. మొహం ఎప్పుడూ చూడలేదు గానీ ఆ పట్టుకునే విద్య అతనికి నేర్పింది నేనే. వ్యాసం కింద చర్చలో రాశాడు: "గురువుగారూ, వ్యాసం నాలుగో తేదీది, మూలం తొమ్మిదో తేదీది. మీరు బిడ్డను చూపించి తల్లి అంటున్నారు. వేరే మూలాలు లేకపోతే ఏడు రోజుల్లో వ్యాసం తీసేస్తాం. ఇంకొకటి అడగక తప్పడం లేదు. దీనికి డబ్బు తీసుకున్నారా? ఆ గడువులోపే చెప్పండి. చెప్పకపోతే మీ ఖాతా ఆపాల్సి వస్తుంది."

లేని జబ్బు చెప్పి లేని ఉద్యోగానికి సెలవు పెట్టాను. చిల్లుదిండు మీద కూర్చుని కంప్యూటర్లో దొరికిన పాత పత్రికలన్నీ తిరగేశాను. దంతవైద్యుడి గురించి దొరికినవన్నీ దంతకథలే. 'డబ్బు తీసుకోలేదు' అని కొట్టి చెరిపేశాను. 'తీసుకున్నాను' అని కొట్టి అదీ చెరిపేశాను. నాలుగోరోజు మధ్యాహ్నం నేను తల పట్టుకుని ఉంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "అంత నొప్పిగా ఉందాండీ?" అని అడిగింది.

"ఉంది," అన్నాను. ఆ వారంలో ఆవిడతో చెప్పిన నిజం అదొక్కటే.

ఏడోరోజు పొద్దున్నే పళ్లడాక్టరు స్వయంగా ఇంటికొచ్చాడు. డాక్టరన్న మాట వినగానే మావాళ్లు కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టారు.

"తీసేసేది ఇవాళేనాండీ?" అన్నాడు బావమరిది.

"నా చేతుల్లో ఏముందండీ! తీసేశారంటే ఊళ్లో నా పరువు పోతుంది. ఎలాగోలా ఉంచమని అడగడానికే వచ్చాను."

"ఉంచడమేమిటి?" అని మండిపడింది మా ఆవిడ. "వారం నుంచి కూర్చోలేక చస్తున్నది ఆయన, పరువు మీదా?"

"అక్కా, నువ్వాగు. డాక్టరుగారూ, మీరసలు పరీక్ష చేశారా?"

"ఈయన్నా? లేదే! కావాలంటే చేస్తాను, ఎంతసేపు! కుర్చీలో వెనక్కి వాల్చి నోరు తెరవమంటాను."

మా అత్తగారికి ఈ ముక్క మాత్రం స్పష్టంగా వినపడింది.

"నోట్లోంచి అంతదూరం కనిపిస్తుందా నాయనా?"

మామూలుగా అయితే ఆ మాటకు నేను నేలమీద దొర్లి నవ్వాలి. నవ్వు రాలేదు. మా ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏవండీ, ఈయన దేనికి డాక్టరు?"

"పళ్లకి."

"మరి మీకున్న జబ్బేమిటి?"

"ఏ జబ్బూ లేదు."

ప్రెస్సు తలుపుకు తాళం పడిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. సగంలోనే పళ్లడాక్టరు చెప్పులు వెతుక్కుని జారుకున్నాడు. బావమరిది నేల చూపులు చూశాడు.

"ఎనిమిది నెలలు నేను కట్టిచ్చిన క్యారేజీ?" అంది మా ఆవిడ నెమ్మదిగా.

"గ్రంథాలయం మెట్లమీద తినేవాణ్ణి."

"ఒక్కరే?"

తలూపాను. ఆవిడ కంప్యూటరు వైపు చూసి, "గడువు ఇవాళేగా. రాయండి," అంది.

"బావా, అది మా షాపులో అందరూ చూస్తారు," అన్నాడు బావమరిది.

"చూడనీరా."

రాశాను. 'డబ్బు తీసుకున్నాను. దీనికే కాదు, ఇంకో తొమ్మిదింటికి కూడా. ఆ పేర్లివి. లక్ష పళ్లు నేను పుట్టించినవే.' ఈసారి చెరపలేదు. జవాబు పది నిమిషాల్లో వచ్చింది. "నిజం చెప్పారు, సంతోషం. కానీ పది దాచారు గురువుగారూ. ఒకటైతే మీ ఖాతా పోకుండా నేనే అడ్డుపడేవాణ్ణి. ఖాతా ఆపేస్తున్నాం. ఈ పూట నాకు అన్నం సహించదు." తెరమీద 'రాయండి' అన్న మీట మాయమైంది. పదమూడేళ్లలో మొదటిసారి ఆ పేజీని ఊరికే చదవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు నేను.

"తీసేశారా?" అన్నారు అత్తగారు.

"తీసేశారత్తయ్యగారూ."

"నొప్పి పుట్టిందా బాబూ?"

మా ఆవిడే లేచి వెళ్లి, తల్లి ఎడమచెవి దగ్గర నోరు పెట్టి, మూడంతస్తులకూ వినపడేలా అరిచింది.

"మొలలు కాదమ్మా, మూలాలు! జబ్బూ లేదు, గిబ్బూ లేదు! ఉద్యోగం పోయింది! ఎనిమిది నెలలైంది! చేస్తున్న రెండోది ఇప్పుడే పోయింది!"