పది గుండ్రాల చీటీ

"ఆ చేతులతో పప్పులో ఉప్పెయ్యకే తల్లీ, ఇంటిల్లిపాదిమి సీసం తిని సస్తం," అంది ఆదెమ్మ, వంటింటి గడపలో కూర్చుని కోడలి వేళ్ల వంక చూస్తూ.

సుబ్బరత్నం చేతులు అప్పటికే మూడుసార్లు కడిగింది. ఒకసారి కిరసనాయిలుతో, ఒకసారి బట్టల సబ్బుతో, చివరికి పొయ్యిలో బూడిదతో. అయినా గోళ్ల సందుల్లో ఇంకు నలుపు అట్లాగే ఉంది. పదకొండేళ్ల నలుపు ఒక్కపూట కడిగితే పోతుందా? పొయ్యి మీద ఉడికే కందిపప్పు ఆ నలుపు పుణ్యమే అని అత్తగారికి తెలియక కాదు. తెలిసీ అనటమే ఆవిడ సరదా. అదే నలుపు కొడుకు చొక్కాకి కాస్త అంటితే మాత్రం "కష్టపడే పిల్లగాడు" అని మురిసిపోతుంది. ఆ పిల్లగాడికి నలభై రెండేళ్లు.

పాల్వంచలో రోడ్డు పక్కన ముందు గది ప్రెస్సు, వెనక రెండు గదులు కాపురం. పెళ్లయిన రెండో ఏడు అక్షరాలు పేర్చే కంపోజిటరు చెప్పాపెట్టకుండా బెజవాడ పోతే, "వారం రోజులు నువ్వు సర్దు, మనిషిని చూస్త" అన్నాడు మొగుడు వెంకటప్పయ్య. ఆ వారం ఇంకా గడవలేదు. మధిరలో పదో తరగతి చదివిన పిల్ల, అచ్చు అక్షరాలని తిరగేసి చదవటం నెల రోజుల్లో నేర్చుకుంది. సీసపు అక్షరాలు ఏరి పేర్చటం, ట్రెడిల్ మిషన్ కాలితో తొక్కుతూ ఒక చేత్తో కాగితం పెట్టి ఇంకో చేత్తో తియ్యటం, అయ్యాక అక్షరాలన్నీ మళ్లీ ఏ గడిలోవి ఆ గడిలో వెయ్యటం, అన్నీ ఆమే. వెంకటప్పయ్య పని ఏమిటంటే, బల్ల ముందు కూర్చుని వచ్చినవాళ్లతో ప్రపంచం ఎట్లా పాడైపోతోందో మాట్లాడటం. ఒకసారి జీతం మాట ఎత్తింది. "ఇంట్ల మనిషికి జీతమేందే, నలుగురు వింటే నవ్వుతరు," అన్నాడు. ఆ నలుగురితోనే, లోపలి నుంచి మిషన్ చప్పుడు వినపడుతుండగా, "మా ఆవిడ ఊరికే కూసోలేక అక్షరాలు సర్దుతుంటది," అనేవాడు. ఊరికే! మధ్యాహ్నానికి పిక్కలు బిగుసుకుపోయి, మెట్టు దిగాలంటే గోడ పట్టుకునేది ఊరికేనే మరి.

అయినా ఆ గది అంటే ఆమెకి ప్రాణం. ఈ మాట ఎవరితోనూ అనలేదు, అంటే అదీ లాక్కుంటారని భయం. వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుండాలో అత్తగారు చెబుతుంది. ముందు గదిలో ఏ అక్షరం ఎక్కడుందో సుబ్బరత్నం చెప్పాలి, ఇంకెవరూ చెప్పలేరు. పొద్దున్నే అక్షరాల గళ్లుండే కేసుల ముందు నిలబడి మొదటి పంక్తి పేర్చేటప్పుడు, తనకీ ఒక బుర్ర ఉందని ఆమెకి గుర్తొచ్చేది. మిగతా రోజంతా దాన్ని మరిపించటానికి ఇంట్లో ఇద్దరు మనుషులు కంకణం కట్టుకుని ఉన్నారు.

పది గుండ్రాల చీటీ సంగతి జంపక్క వల్ల మొదలైంది. జంపక్క అడివి లోపలి గూడెం నుంచి సంత రోజున చింతపండు తెచ్చేది, వస్తూ వస్తూ ఆదెమ్మకి విస్తరాకులు ఇచ్చిపోయేది. సంతలో పొద్దున షావుకార్లు తూకం వేసి చీటీ రాసిస్తారు, మధ్యాహ్నం దుకాణం దగ్గర ఆ చీటీ చూపిస్తే డబ్బులిస్తారు. ఒకనాడు జంపక్క ఆ చీటీ పట్టుకుని ప్రెస్సు గుమ్మంలో నిలబడింది.

"ఇందుల ఏం రాసిండో చదువు తల్లీ."

"ఆరు కిలోలు అని ఉంది జంపక్కా."

జంపక్క కొంగున ఉన్న నారతాడు తీసి చూపించింది. కాటా మీద కిలో పడ్డప్పుడల్లా ఒక ముడి వేసుకుందట. ఎనిమిది ముడులున్నాయి. "తాడు చూపిస్తే నవ్విండు. కాగితమే ఖరారంట. నా తాడు అబద్దమాడదమ్మా, నాకు చదువు రాకపాయె గని."

సుబ్బరత్నానికి కోపం వచ్చింది. చీటీ రాసినవాడి మీదే కాదు, చీటీ మీద కూడా. ఆ చీటీ పుస్తకం అచ్చువేసింది తనే. ఎంత అందంగా గీతలు పెట్టింది, ఎంత ఒద్దికగా గళ్లు కట్టింది! చదువొచ్చినవాడు రానిదాన్ని ముంచటానికి తను కాలు నొప్పెట్టేలా తొక్కి సాధనం తయారుచేసి ఇచ్చిందన్నమాట. ఆ రోజంతా అన్నం సహించలేదు. ఆ ముడులు కాగితం మీదికి తేలేమా అన్న ఆలోచన బియ్యం ఏరుతున్నా వదల్లేదు, పిండి రుబ్బుతున్నా వదల్లేదు.

వారానికి దొరికింది ఉపాయం. సన్నటి చీటీ, దాని మీద వరసగా పది గుండ్రాలు, గుండ్రానికీ గుండ్రానికీ మధ్య చింపుకునేందుకు చిల్లులు. ఎనిమిది కిలోలైతే ఎనిమిదో గుండ్రం దగ్గర చింపి అమ్మినామె చేతికిస్తారు. మిగిలిన రెండు పుస్తకంలోనే ఉంటాయి. రాసేది లేదు, చదివేది లేదు, దిద్దేది అసలే లేదు. ఎవరి గుండ్రాలు వాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే పది కావాల్సిందే.

"తొక్కుడుబిళ్ల ఆడుకునే కాగితమా ఏందే గిది?" అని పకపకా నవ్వాడు వెంకటప్పయ్య. ఏ షావుకారూ తీసుకోడన్నాడు. నిజమే, పెద్దవాళ్లెవరూ తీసుకోలేదు. అక్షరాలు అంతగా రాని దేవ్‌సింగ్ అనే చిన్న వ్యాపారి మాత్రం, రాసే బాధ తప్పుతుంది కదా అని రెండు పుస్తకాలు పట్టుకుపోయాడు. నాలుగు సంతలు తిరిగేసరికి గూడేల ఆడవాళ్లంతా అతని కాటా ముందే బారులు తీరారు. అతని పక్కనున్న కాటాల మీద ఈగలు వాలాయి. చచ్చినట్టు మిగతావాళ్లూ అదే చీటీ కావాలని వచ్చారు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. చిల్లులు పొడిచే ఇనప రూలుకి రంపంలా పళ్లుంటాయి. దాన్ని అక్షరాలతో పాటు బిగించి తొక్కితే, ఇంకు పూసే మెత్తటి రోలరుని ఆ పళ్లు కోసేస్తాయి. అందుకని ఏ ప్రెస్సులోనైనా రెండుసార్లు తొక్కుతారు. ఒకసారి అచ్చుకి, రోలరు తీసేసి ఇంకోసారి చిల్లులకి. వెయ్యి చీటీలంటే రెండు వేల తొక్కుళ్లు. తొక్కే కాళ్లు తనవి కాబట్టి ఉపాయం కూడా తనకే తట్టింది. బల్ల ముందు కూర్చున్నవాడికి ఎందుకు తడుతుంది? రూళ్లని అక్షరాల కన్నా కాస్త కిందికి దించి బిగించింది, రోలరుకి తగలకుండా. పౌడరు డబ్బా రేకు సన్నటి పట్టీలుగా కత్తిరించి, కాగితం ఆనే అట్ట మీద, ఒక్కో రూలుకి సరిగ్గా ఎదురుగా ఒక్కోటి అంటించింది. రేకు కాగితాన్ని ముందుకి తోస్తుంది, రూలు పొడుస్తుంది, రోలరు భద్రం. ఒక్క తొక్కుడికి అచ్చూ చిల్లులూ రెండూ. ఆ పట్టీలు వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా కుదరటానికి పదిహేను రోజులు పట్టింది. అన్నాళ్లూ కూర మాడుతోందని అత్తగారు, పౌడరు డబ్బా ఏదని మొగుడు. ఆ అట్ట వేలిముద్రలూ జిగురు మరకలతో చూడటానికి మాత్రం అసహ్యంగా ఉండేది.

చీటీల పేరు జిల్లా దాటింది. వెంకటప్పయ్య నోట "ఏందే గిది" కాస్తా "మన చీటీ" అయింది, ఆర్నెల్లకి "నా చీటీ" అయింది. చివరికి బెజవాడలో బిల్లు పుస్తకాల వ్యాపారం చేసే బసవపున్నయ్య అనే షావుకారు జాబు రాశాడు. చీటీ చేసే పద్ధతి కళ్లారా చూస్తాననీ, నచ్చితే అన్ని సంతలకీ సరిపడా ఆర్డరిచ్చి, కొత్త మిషన్లు పెట్టించి, పద్ధతి కనిపెట్టినవారి పేర అగ్రిమెంటు రాసుకుంటాననీ.

ఆ రాత్రి భోజనాల దగ్గర వెంకటప్పయ్య చాలా ప్రేమగా మాట్లాడాడు. అతను ప్రేమగా మాట్లాడితేనే ఆమెకి భయం.

"అగ్రిమెంటు నా పేర అయితది. ఇద్దరు పనోళ్లని పెడత. నువ్విగ ప్రెస్సుల అడుగు పెట్టక్కర్లే రత్నం. హాయిగా ఇంట్ల కూసో."

"ఇన్నాళ్లకి నా కొడుకు నీకు సుఖం చూపిస్తుండు," అంది ఆదెమ్మ. "ఆ చేతులు తెల్లబడుతయి."

సుబ్బరత్నం మజ్జిగ గిన్నె మొగుడి ముందుకి జరిపింది. తను కనిపెట్టినదానికి తనకి దక్కే బహుమానం ఇదన్నమాట, వంటింట్లో యావజ్జీవం. "కేసులు కొత్తోళ్లకి తెలియవు గదండీ, నేనే..." అనబోయింది. "నువ్వేందే నువ్వు? ఎవరు లేకపోతే ఏ పని ఆగింది?" అన్నాడతను, మజ్జిగ పోసుకుంటూ.

షావుకారు వచ్చే రోజు పొద్దున్నే వెంకటప్పయ్యకి శుభ్రం మీద మనసు పోయింది. ప్రెస్సు గదికి బూజు దులిపించాడు. ఆమె నీళ్లు తోడుకొచ్చేలోపు మిషన్ కూడా తనే తుడిచాడు. పదకొండేళ్లలో అదే మొదటిసారి. ఆ తుడవటంలో మరకల అట్ట కంటికి కనపడింది. "మర్యాదగల మనిషి వస్తుంటే ఈ చెత్తేంది" అని పీకి, చెత్తబుట్టలో పారేసి, తెల్లటి కొత్త అట్ట బిగించాడు. బుట్ట ఖాళీ చెయ్యబోయిన సుబ్బరత్నం అది చూసి కొయ్యబారిపోయింది. పారేసింది చెత్త కాదు. చీటీలో ఉన్న తెలివంతా అదే.

"ఏమండీ, ఆ అట్ట..."

"మళ్లీ మొదలుపెట్టినవా? షావుకారు ముందు గిట్ల నోరు తెరిచినవంటే మర్యాద దక్కదు. పోయి చాయ్ పెట్టు, జల్దీ."

అట్ట మీంచి తొమ్మిది పట్టీలూ ఒక్కోటే ఒలిచి కొంగున ముడివేసుకుంది. చెప్పబోయింది కదా, వద్దన్నది అతను. ఆ మాట తనకి తాను నాలుగుసార్లు చెప్పుకుంది. నాలుగోసారి నమ్మకం కుదిరింది.

బసవపున్నయ్య లావుపాటి మనిషి, కాని కళ్లు చురుకైనవి. కుర్చీలో కూర్చోకుండా నేరుగా మిషన్ దగ్గరికి వచ్చాడు. "చూపించండి మరి, కళ్లారా చూడాలనే ఇంత దూరం వచ్చా," అన్నాడు. వెంకటప్పయ్య చొక్కా చేతులు మడిచి, ఇది తనకి ఎట్లా తట్టిందో, ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నాడో చెబుతూ తొక్కటం మొదలుపెట్టాడు. కాగితం వచ్చింది. గుండ్రాలున్నాయి, చిల్లుల్లేవు. ఇంకోటి తీశాడు. లేవు. నవ్వబోయి, రూళ్లు సరిగ్గా కూర్చోలేదన్నాడు. బిగింపు వదులుచేసి, వాటి కింద అట్టముక్కలు తోసి, పైకి లేపి, మళ్లీ తొక్కాడు. చర్రుమని చప్పుడైంది. రోలరు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తొమ్మిది చోట్ల గాటుపడి, వంకాయ కోసినట్టు తెగిపోయింది.

సుబ్బరత్నం చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే ఉంది. ఆ రోలరు తను ఏడేళ్లు తుడిచి తుడిచి కాపాడుకున్నది.

"ఏం చూస్తున్నవే బొమ్మ లెక్క? నువ్వే ఏదో కెలికినవ్. రా, సరిచెయ్!" అని అరిచాడు వెంకటప్పయ్య. నుదుటి మీద చెమట పట్టింది.

ఆమె గ్లాసులు కింద పెట్టింది. పాత రోలరు తీసి, అటక మీద ఉన్న ఒక్క కొత్త రోలరు దించి ఎక్కించింది. రూళ్లు దించింది. కొంగు ముడి విప్పి రేకు పట్టీలు అంటించటానికి అరగంట పట్టింది. తర్వాత చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, ఎడమకాలు ట్రెడిల్ మీద వేసింది. ఒక చీటీ, రెండు, పది. బసవపున్నయ్య ఒకటి తీసుకుని ఏడో గుండ్రం దగ్గర చింపాడు. గీత గీసినట్టు చిరిగింది. ఇంకోటి చింపాడు. ఆయన మొహం విప్పారింది.

ఆయన వెంకటప్పయ్య భుజం తట్టి అన్నాడు. "భలే వారండీ! ఆడమనిషికి ఇంత పని ఎంత బాగా నేర్పారు!"

వెంకటప్పయ్య చెమట తుడుచుకుని, కాస్త సిగ్గు నటిస్తూ నవ్వాడు. "ఏదో లెండి, ఓపిక పట్టి నేర్పుకున్నం."

సుబ్బరత్నం తొక్కటం ఆపింది. కళ్ల ముందే జరిగింది. రోలరు కోసిందెవరో, పని నిలబెట్టిందెవరో ముగ్గురూ చూశారు. చూసినా ఆ షావుకారు కళ్లకి ఆమె ఆనలేదు. రుజువు చూపిస్తే చాలు నమ్ముతారని ఇన్నేళ్లూ అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రుజువు కాదు కావలసింది, కాగితం మీద పేరు. ఆమెకి ఒళ్లు మండింది. మిషన్ తెరిచి తొమ్మిది పట్టీలూ వరసగా ఒలుచుకుంది.

"అదేంటమ్మా, తీసేస్తున్నావు?" అన్నాడు బసవపున్నయ్య.

"అగ్రిమెంటులో సుబ్బరత్నం అని రాయండి షావుకారు గారూ, అప్పుడు పెడతా. లేదంటే బెజవాడ బస్సు రెండింటికి ఉంది." ఆ తర్వాత ఆమె మొగుడి వంక తిరిగింది. "ఈయనకి పని రాదు. నేర్చుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, రేపు పొద్దున్నే రమ్మనండి. కొత్తగా చేరినవాళ్లకి మొదటి నెలంతా కింద పడ్డ అక్షరాలు ఏరటమే పని."