సుందరానికి జాగా

సుందరం తెల్లవారుజామున పోయాడు. ఎండ ఎక్కకముందే ఆయన్ని ఎక్కడ పాతిపెట్టాలన్న పంచాయితీ మొదలైంది. ఆయన భార్య కృపమణికి ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు.

తగవు కొత్తదేం కాదు. ఎప్పుడో మూడు వందల యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో క్వేకర్లనే శాఖకూ మిగతా క్రైస్తవులకూ మొదలైన రగడ, దారి కనుక్కుంటూ వచ్చి బళ్ళారి కౌల్ బజార్‌లో ఈమె వంటింట్లోనే మకాం పెట్టింది. వయసులో రైల్వే పని మీద ఉత్తరాన ఇటార్సీలో ఉన్నప్పుడు సుందరానికి క్వేకర్లతో పరిచయమైంది. బాప్తిస్మానికి నీళ్ళక్కర్లేదు, రొట్టే ద్రాక్షరసమూ అక్కర్లేదు, పాస్టరు అసలే అక్కర్లేదు, ఒట్టు పెట్టకూడదు, నోరు మూసుకుని కూర్చుంటే దేవుడే లోపల మాట్లాడతాడు అంటూ తిరిగొచ్చాడు. కృపమణిదేమో పెద్దయ్యాక నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకునే పాత మిషను సంఘం. సంఘం పెద్దలు వాక్యం చూపించి వాదించారు. ఈయనా వాక్యం చూపించే వాదించాడు. ఎవరూ ఓడలేదు. మధ్యలో ఆమె వండిన అన్నం చల్లారిపోయేది.

ఆదివారం ఆమె చర్చికి వెళ్తే ఆయన ముందుగదిలో చాప పరిచి మౌనంగా కూర్చునేవాడు. తోడుగా లారీ మెకానిక్ పంపాపతి, పక్కింటి హుసేనమ్మ. ఇద్దరూ క్రైస్తవులు కారు. చైనాకు మన ఎర్రమన్ను కావలసివచ్చిన ఆ ఏళ్ళలో, బళ్ళారి మొత్తం మీద ఇనుప ఖనిజం రేటు చెవిన పడని చోటు ఆ చాప ఒక్కటేనని పంపాపతి వచ్చేవాడు. హుసేనమ్మ ఎందుకు వచ్చేదో ఎవరూ అడగలేదు.

కెన్నెత్ వచ్చాడు. కృపమణి చెల్లెలి కొడుకు, ఇప్పుడు ఆ సంఘానికి పాస్టరు.

"కమిటీవాళ్ళు ఒప్పుకోల్యా పెద్దమ్మా. బాప్తిస్మం లేనోళ్ళకు సమాధుల తోటలో జాగా లేదంటాండారు."

"క్రిస్టీ ఆడే ఉండాది కదప్పా."

క్రిస్టీ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. బడిలో వేసిన ఏడాదే జ్వరంతో పోయింది. చిన్నపిల్లలకు నీళ్ళ నిబంధన లేదు గనుక దానికి తోటలో చోటు దొరికింది. దాని పక్కన తామిద్దరూ చేరాలన్నదే కృపమణికి మిగిలిన ఆశ.

కెన్నెత్ గొంతు తగ్గించాడు. "ఒక దావ ఉండాది. ఆస్పత్రిలో నేను ప్రార్థన చేస్తాంటే నువ్వు తడిగుడ్డతో పెద్దనాయన మొగం తుడిచినావు. ఆయన వద్దనల్యా. జబ్బుమనిషికి ఆ నీళ్ళే బాప్తిస్మమని నేను చెప్తా. మనసారా ఒప్పుకున్న్యాడని నువ్వు బైబిలు మీద చెయ్యి పెట్టి ఒక మాట చెప్పు. అంతే."

పిల్లవాడు చెడ్డవాడు కాదు. పెద్దనాయనను దిక్కులేనివాడిలా వదల్లేక తనకు తోచిన దొంగదారి వెతికాడు. ఆమె సరేనంది. కాదనే ఓపిక లేదు.

ఒట్టంటే సుందరానికి ఎంత పట్టుదలో ఆమెకు తెలియనిదా? చోరనూరులో ఆయనకు తండ్రి పొలం ఉండేది. ఖనిజం లారీల దారి కోసం ఒక కాంట్రాక్టరు గట్టు జరిపేస్తే, గట్టు ఎక్కడుండేదో ఒట్టేసి చెప్పమన్నారు ఊరి పెద్దమనుషులు. "ఒట్టేస్తే నిజం, లేకుంటే అబద్ధం చెప్తానా? నాది ఒకటే మాట" అన్నాడు ఈ మహానుభావుడు. సగం పొలం దారి కింద పోయింది. ఆ కోపంతో కృపమణి చాలా రోజులు మాట్లాడడం మానేసింది. మౌనం ఆయనకు శిక్ష కాదని ఆలస్యంగా గుర్తొచ్చింది.

చర్చి ఆవరణలో కమిటీ పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళకూ ఈ గొడవ ఎప్పుడు వదులుతుందా అన్నట్టే ఉంది. కెన్నెత్ అడగాల్సింది అడిగాడు. కృపమణి గ్రంథం మీద చెయ్యి పెట్టింది. అవునన్న మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే ఆస్పత్రిలో గుడ్డ పిండితే కారిన ఎర్రనీళ్ళు గుర్తొచ్చాయి. "దోణిమలై గని మన్నంతా నా మొగం మీదే ఉండాదేమే" అని నవ్వాడు సుందరం.

ఆమె చెయ్యి తీసేసింది. "దుమ్ము తుడిచినా. అంతే."

"ఒక్కమాట చెప్పేస్తే అయిపోతాది కదమ్మా" అన్నాడు కమిటీ పెద్ద, విసుగ్గా.

"కాదనేదానికి ఆయన లేడు గదన్నా. ఉండింటే చెప్పేదాన్నేమో."

సాయంత్రం చోరనూరులో మిగిలిన సగం పొలంలో సుందరాన్ని పాతిపెట్టారు. పాస్టరు అంగీ లేకుండా కెన్నెత్ కూడా వచ్చాడు. ప్రార్థన చెయ్యాలా అని అడిగాడు. ఊరికే కూర్చోమంది కృపమణి. పంపాపతి, హుసేనమ్మ, కెన్నెత్, ఆమె మట్టి మీద కూర్చున్నారు. పక్క దారిలో లారీలు పోతున్నాయి, దుమ్ము వచ్చి అందరి మీదా పడుతోంది. పొద్దు వాలింది. ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి గాని ఆమెకు సంగతి తట్టలేదు. ఆ మౌనం ముగిసే పద్ధతి ఒకటుంది: ఒకరు పక్కవాళ్ళకు చెయ్యి అందించి కలపాలి. ఇన్నేళ్ళూ ముందు చెయ్యి చాచింది సుందరమే. పంపాపతీ హుసేనమ్మా అలవాటుగా ఆయన చేతికోసమే కాచుకుని ఉన్నారు. అప్పుడు వచ్చింది కృపమణికి ఏడుపు. ఆపుకోలేదు, కరువుతీరా ఏడ్చింది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని కెన్నెత్‌కు చెయ్యి అందించింది.

"నన్ను మాత్రం పాప దగ్గర పెట్టప్పా" అంది. "అది ఒక్కటే ఉండాది ఆడ."