పడమటి వాలులో బోరు

రావులపాలెం అరటి వ్యాపారుల ఇంట్లో పుట్టిన శ్రీదుర్గ భూగర్భశాస్త్రం చదివింది. రాజమండ్రిలో ఆమె పరిశోధనకు గైడు ప్రొఫెసర్ సత్యప్రసాద్. ఆయన ఏసీ గది వదిలేవాడు కాదు. పరిశోధనకి ఎంచుకున్న కొండని ఎండలో ఎక్కింది ఆమె ఒక్కతే.

రాజమండ్రికి ఉత్తరాన ఉన్న ఆ కొండ ఒకప్పుడు నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక, బురద. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి అవి మెరిసే గట్టిరాయిగా మారాయి. ఆ తర్వాత తూర్పు నుంచి వచ్చిన నెట్టుడుకి నేల వాలుగా పగిలింది. పగులుకి తూర్పున ఉన్న రాయి పడమటి రాయి మీదికి ఎక్కి, ఎక్కుతూ వంగి బోర్లా పడింది. పాత పొరలు పైకీ కొత్త పొరలు కిందికీ పోయాయి.

దాన్ని శ్రీదుర్గ కనిపెట్టింది. ఏటి ఇసుకను నిలువుగా కోస్తే ఏటవాలు చారలు కనిపిస్తాయి. వాటి పైకొసల్ని ఆ తర్వాతి వరద కోసుకుపోతుంది. ఇసుక గట్టిపడి కొండ మీద పలుగురాయిగా మారిన చోట ఆ తెగిన కొసలు కిందివైపు ఉన్నాయి. అంటే రాయి తలకిందులైంది. కొండంతా అలాగే ఉందనుకుని మ్యాపు గీసింది.

ఆ మ్యాపు మరుసటి ఏడు సత్యప్రసాద్ పేరుతో అచ్చయింది. వెళ్లి అడిగింది.

"నా దగ్గర నేర్చుకున్నదే కదమ్మా నువ్వు గీసింది" అన్నాడాయన.

ఊరుకోకుండా పైవాళ్లకి చెప్పుకుంది. ఆమే తన పని కాపీ కొట్టిందని ఆయన ఎదురు చెప్పాడు. ఆమె పరిశోధన సీటు పోయింది.

వెళ్లిపోయే ముందు ఆఖరిసారి కొండెక్కి, పడమటి వాలు చూసింది. పగులుకి అడుగున ఉన్న ఆ రాతిలో తెగిన కొసలు పైవైపే ఉన్నాయి. అక్కడి పొరలు తిరగబడలేదు. తన మ్యాపులో ఆ వాలు తప్పు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చాలా ఏళ్లకి ఒక కంపెనీ ఆ కొండలో గ్రాఫైట్ కోసం బోర్లు వేయించడం మొదలుపెట్టింది. సలహాదారు సత్యప్రసాద్. బోరులోంచి తీసిన రాయిని పరీక్షించే కాంట్రాక్టు ఉద్యోగం శ్రీదుర్గకి దొరికింది.

"బాగున్నావామ్మా?" అన్నాడాయన, ఏమీ జరగనట్టు. తర్వాత మేనేజరు గణేష్‌బాబు ముందు మ్యాపు పరిచాడు. "గ్రాఫైట్ పొర పలుగురాయి కన్నా కొత్తది. కొండంతా తిరగబడి ఉంది కాబట్టి పలుగురాయి కింద దొరుకుతుంది. పడమటి వాలుకి రోడ్డుంది, అక్కడ వేయించండి."

పడమటి వైపు గ్రాఫైట్ పలుగురాయి పైన ఉండి ఎప్పుడో అరిగిపోయిందని శ్రీదుర్గకి తెలుసు. అయినా ఆ మాట చెప్పలేదు.

మొదటి బోరు ఉత్తదే. రెండోదీ అంతే. ప్రతిసారీ ఆయనకి వినపడేలా "గ్రాఫైట్ లేదండి" అనేది. అన్నప్పుడల్లా ఆయన మొహం కళ తప్పడం తీరిగ్గా చూసేది. ఎండకి మాడిపోతున్న డ్రిల్లింగ్ కూలీల వైపు మాత్రం చూసేది కాదు.

మూడోదీ పోయాక గణేష్‌బాబు ఇద్దర్నీ పడమటి వాలుకి పిలిచాడు.

"ఏంటి సార్ ఇది? తిరగబడిందన్నారు కదా?"

సత్యప్రసాద్ రాయి వంక చూశాడు. ఏది చూడాలో తెలియలేదు. చివరికి శ్రీదుర్గ వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా" అన్నాడు నెమ్మదిగా.

"మీ మ్యాపు కదండీ. తిరగబడడం ఎక్కడ ఆగిపోయిందో మీకే తెలియాలి."

కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. సత్యప్రసాద్ మేనేజరు వైపు తిరిగాడు.

"మ్యాపు నాది కాదు గణేష్‌బాబు గారూ. ఈ అమ్మాయిది. నేను ఈ కొండ ఎక్కడం ఇదే మొదటిసారి."

అప్పుడు శ్రీదుర్గ రాతి మీది చారల్ని వేలితో చూపించి, పగులు ఎక్కడుందో చెప్పింది. తూర్పు వాలులో ఎక్కడ వేయాలో కూడా చెప్పింది.

"మీకు ఇదంతా ముందే తెలుసాండీ?" అన్నాడు గణేష్‌బాబు.

"తెలుసండి."

తూర్పు బోరులో నల్లటి గ్రాఫైట్ చేతికి అంటుకునేలా వచ్చింది. శ్రీదుర్గ కాంట్రాక్టుని కంపెనీ పొడిగించలేదు. తెలిసి నోరు మూసుకున్న మనిషితో పని చేయలేనని గణేష్‌బాబు మొహం మీదే చెప్పాడు. అతని మాటలో ఆమెకి తప్పేమీ కనిపించలేదు.

సామాను సర్దుకుని వస్తుంటే సత్యప్రసాద్ కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"నా సలహాదారు పనితో పాటు నీ ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు తృప్తిగా ఉందా?"

శ్రీదుర్గ ఒక్క క్షణం నిజంగానే ఆలోచించింది.

"ఉందండి" అని చెప్పి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.